లిథియం బ్యాటరీ అడుగంటకుండా కాపాడుకోవడం, బ్యాటరీ మానిటర్ సెట్ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీ తీసేసి లిథియం పెట్టుకున్న ఇళ్లవాళ్లు, ఫామ్‌హౌస్‌లవాళ్లు, చెరువు గట్టు మీద సోలార్ పెట్టుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. లెక్కలన్నీ ఒకే బ్యాటరీ మీద చెప్పాను: 25.6 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు (ఏహెచ్), లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం (ఎల్ఎఫ్‌పీ), లోపల వరసగా 8 సెల్స్. మీది 12.8 వోల్టులదైతే వోల్టేజీలన్నీ సగం చేసుకోండి, 51.2 అయితే రెట్టింపు చేసుకోండి. బ్యాటరీతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

బ్యాటరీలో బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే లోపలి సర్క్యూట్ బోర్డు) ఉంది, దానంతటదే కట్ చేసేస్తుంది అన్నాడు షాపతను. మళ్లీ విడిగా రక్షణ దేనికి?

కట్ చేస్తుంది, అబద్ధం కాదు. అయితే బీఎంఎస్ ఒక్కో సెల్‌ని విడివిడిగా చూస్తుంది. ఎనిమిదింట్లో ఏ ఒక్కటి 2.5 వోల్టులకి పడినా (కొన్నింట్లో 2.8) లైను తెంపేస్తుంది. అంటే అది తెంపే సమయానికే కనీసం ఒక సెల్ అడుగంటిందన్నమాట. రోజూ అక్కడిదాకా వెళ్లి రావడానికి దాన్ని పెట్టలేదు. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు, మిగతా ఏర్పాట్లన్నీ విఫలమైనప్పుడు ఆఖరి ఆసరాగా పెట్టారు.

పైగా అది చెప్పాపెట్టకుండా తెంపుతుంది. ఇన్వర్టర్ ఫుల్ లోడ్‌లో ఉందా, ప్యానెళ్ల నుంచి కరెంట్ వస్తోందా అని చూడదు. కొన్ని చవక సోలార్ కంట్రోలర్లు ఎండలో ఉండగా బ్యాటరీ ఒక్కసారిగా మాయమైతే తట్టుకోలేవు. మామూలు రోజుల్లో ముందు ఆగాల్సింది ఇన్వర్టర్. బీఎంఎస్ దాకా వెళ్లిందంటే పైన ఏదో సెట్టింగ్ తప్పుందని అనుకోండి.

అసలు పూర్తిగా ఖాళీ అయితే లోపల ఏం జరుగుతుంది?

సెల్‌లో నెగటివ్ వైపు గ్రాఫైట్ పూత ఉండేది పల్చటి రాగి రేకు మీద. సెల్ 2 వోల్టుల కిందికి దిగి అక్కడే ఉండిపోతే ముప్పు మొదలవుతుంది. సున్నా వైపు జారేకొద్దీ ఆ రాగి ఎలక్ట్రోలైట్‌లోకి కరుగుతుంది. అప్పటికి బయటికి ఏమీ తెలియదు. మళ్లీ ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ కరిగిన రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని, సెల్ లోపలే షార్ట్ అయ్యే వీలుంది. అందుకే అడుగంటిన బ్యాటరీకి పెద్ద ఛార్జర్ తగిలించి లేపేద్దాం అనుకోకూడదు.

ఇంకో సంగతి. ఛార్జ్ 20 శాతానికి దిగేదాకా వాడటం డీప్ డిశ్చార్జ్ (అడుగంటేదాకా ఖాళీ చేయడం) కాదు. లెడ్ యాసిడ్ రోజుల అలవాటుతో సగం దాటగానే టెన్షన్ పడేవాళ్లున్నారు. ఎల్ఎఫ్‌పీకి ఆ భయం అక్కర్లేదు, అది సగంలో ఉండటానికే ఇష్టపడుతుంది. మన గొడవంతా చివరి పది శాతంతోనే.

కటాఫ్ అయిపోయింది. ఇంక నష్టం లేదు కదా, వీలున్నప్పుడు వెళ్లి ఛార్జ్ పెడితే చాలు కదా?

ఎక్కువ బ్యాటరీలు పోయేది ఇలా అనుకున్నప్పుడే. కటాఫ్‌తో కథ ముగియదు, గడువు మొదలవుతుంది.

బీఎంఎస్ లైను తెంపినా తాను మాత్రం ఆ సెల్స్ మీదే బతుకుతుంది. బ్లూటూత్ ఉంటే అదీ అక్కడి నుంచే. కటాఫ్ అయ్యాక ప్రతి 100 ఏహెచ్ కెపాసిటీకి దాదాపు 1 ఏహెచ్ మాత్రమే మిగులుతుందని విక్ట్రాన్ కంపెనీ తన లిథియం బ్యాటరీ మాన్యువల్‌లో రాసింది. 200 ఏహెచ్ బ్యాటరీ మీద 10 మిల్లీ ఆంపియర్ల లీకేజీ ఉన్నా, ఆ స్థితిలో 8 రోజులు దాటితే పాడైపోవచ్చని అందులోనే హెచ్చరిక ఉంది.

చేవెళ్ల వైపు ఒక ఫామ్‌హౌస్ ఉందనుకుందాం. ఇంటివాళ్లు శని, ఆదివారాలే వస్తారు. కెమెరాలు, డీవీఆర్, వైఫై రౌటర్ కలిపి 30 వాట్లు. ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ తనకోసం తీసుకునేది ఇంకో 40 వాట్లు. మొత్తం 70. మన బ్యాటరీలో ఉండేది 2,560 వాట్ అవర్లు. అంటే ఒకటిన్నర రోజు. మామూలుగా ప్యానెళ్లు రోజూ నింపుతుంటాయి కాబట్టి ఈ లెక్క ఎవరూ వేయరు. శ్రావణంలో ముసురు పట్టి నాలుగు రోజులు సూర్యుడు కనపడడు, అదే సమయానికి లైన్ మీద చెట్టు పడి ఊళ్లో కరెంటు పోతుంది. మంగళవారం రాత్రికి బీఎంఎస్ తెంపేస్తుంది. మిగిలింది 1 ఏహెచ్. బీఎంఎస్ 10 మిల్లీ ఆంపియర్ల చొప్పున తాగితే అది వంద గంటలు, అంటే శనివారం రాత్రి దాకా. ఆ వారం పెళ్లో పేరంటమో వచ్చి వెళ్లలేకపోతే పై వారానికి సెల్స్ ప్రమాదంలో పడినట్టే.

ఈ లెక్కలో మార్చుకోగలిగినవి రెండు. ఇన్వర్టర్ ఇంకా ముందే ఆగేలా చూడటం, కటాఫ్ దగ్గరపడుతోందని మనకి ముందే తెలిసేలా చూడటం. కింది ప్రశ్నలన్నీ వీటి గురించే.

ఇన్వర్టర్‌లో తక్కువ వోల్టేజీ కటాఫ్ ఎంత పెట్టాలి?

లెడ్ యాసిడ్ కోసం వచ్చిన ఇన్వర్టర్లలో ఇది 12 వోల్టులకి 10.5, 24 వోల్టులకి 21 దగ్గర ఉంటుంది. 21 వోల్టులంటే సెల్‌కి 2.62. సెల్స్ అన్నీ సమానంగా దిగవు కాబట్టి వాటిల్లో బలహీనమైనది అప్పటికే 2.5 దాటి పడిపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ ఇన్వర్టర్ బీఎంఎస్ కన్నా ముందు ఆగదు.

ఎల్ఎఫ్‌పీకి కనీసం 24.0 పెట్టండి, సెల్‌కి 3.0. తిరిగి ఆన్ అయ్యే వోల్టేజీ 26.4 ఉంచండి. లోడ్ తీయగానే వోల్టేజీ కొంత పైకి లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఎడం తక్కువుంటే ఇన్వర్టర్ ఆగడం, లేవడం, మళ్లీ ఆగడం, ఇలా మిగిలిన కాస్తా కూడా తాగేస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. వోల్టేజీ కటాఫ్ లోడ్‌ని బట్టి మారుతుంది. 1,000 వాట్ల మోటర్ నడుస్తుంటే 40 ఆంపియర్లు పోతాయి, వైర్లలోనూ సెల్స్‌లోనూ వోల్టేజీ పడిపోతుంది, 24.0 కాస్త ముందుగానే వస్తుంది. అదే 70 వాట్ల చిన్న లోడ్ నిదానంగా తాగుతుంటే 24.0 చూపించేసరికి బ్యాటరీ దాదాపు ఖాళీ. కెమెరాలు, రౌటర్ లాంటి చిన్న లోడ్‌లే ఉన్న చోట 25.0 పెట్టమని నేను చెబుతాను. ఇంట్లో మిక్సీ, మోటర్ నడిచే చోట 25.0 పెడితే ఊరికే ఆగిపోతుంటుంది, అక్కడ 24.0 చాలు.

సెట్టింగుల్లోకి ఎలాగూ వెళ్లారు కాబట్టి ఈక్వలైజేషన్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూసేయండి. కావాలనే ఎక్కువ వోల్టేజీతో ఛార్జ్ చేసే ఆ పద్ధతి లెడ్ యాసిడ్ వైద్యం, లిథియంకి పనికిరాదు.

వోల్టేజీ చూసి ఇంకా ఎంత ఉందో చెప్పలేమా? దానికోసం మానిటర్ కొనాలా?

లెడ్ యాసిడ్‌లో చెప్పగలిగేవాళ్లం. ఎల్ఎఫ్‌పీలో 70 శాతం నుంచి 40 శాతానికి దిగినా మొత్తం బ్యాటరీ మీద తేడా సుమారు 0.2 వోల్టులు. ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయితే అంతకన్నా ఎక్కువ ఊగుతుంది. చివర్లో మాత్రం గబగబా కూలిపోతుంది. ఇన్వర్టర్ డిస్‌ప్లేలో ఉండే నాలుగు గీతల బొమ్మ వోల్టేజీనే నమ్ముకుంటుంది. అందుకే అది చాలాసేపు నిండుగా చూపించి, ఉన్నట్టుండి ఒక్క గీతకి పడుతుంది.

మానిటర్ వేరే దారిలో లెక్కిస్తుంది. లోపలికి ఎన్ని ఆంపియర్లు వచ్చాయి, బయటికి ఎన్ని పోయాయి అని క్షణక్షణం కూడుతూ తీసేస్తూ ఉంటుంది. బ్యాంక్ పాస్‌బుక్కులాగా అనుకోండి. అయితే ఆ పాస్‌బుక్కు అప్పుడప్పుడు అసలు నిల్వతో సరిచూడకపోతే దాని మాటకి విలువుండదు.

షంట్ ఎక్కడ తగిలించాలి?

షంట్ అంటే మానిటర్‌కి కరెంట్ కొలిచిపెట్టే లోహపు ముక్క. దాని చోటు బ్యాటరీ నెగటివ్ వైరులో. ఒక వైపు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఒక్కటే రావాలి, ఇంకేదీ రాకూడదు. రెండో వైపు మిగతా అన్ని నెగటివ్‌లూ: ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్, ఎల్ఈడీ లైట్ల వైరు, అన్నీ. పాజిటివ్ నుంచి మానిటర్ నడవడానికి ఫ్యూజ్ ఉన్న సన్నటి వైరు ఒకటి వస్తుంది.

వంద ఫిర్యాదులొస్తే అందులో సగానికి పైగా ఇక్కడే తేలతాయి. ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ వైరు షంట్ మీదికి మార్చి, సోలార్ కంట్రోలర్ నెగటివ్‌ని పాతచోటే, బ్యాటరీ టెర్మినల్ మీదే వదిలేస్తాడు. అప్పుడు పోయేది లెక్కలోకి వస్తుంది, వచ్చేది రాదు. రెండ్రోజుల్లో మానిటర్ సున్నా చూపిస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో, ఇంట్లో అన్నీ ఆపేసి చూడండి. మానిటర్‌లో కరెంట్ ప్లస్‌లో, కంట్రోలర్ చూపించే అంకెకి దగ్గరగా ఉండాలి. మైనస్ గుర్తు చూపిస్తుంటే షంట్ తిరగేసి బిగించారు.

షంట్ మీద 500 ఆంపియర్లు, 50 మిల్లీ వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ రెండూ మానిటర్‌లో అలాగే ఉన్నాయో లేదో చూసుకోండి. విడిగా కొన్న షంట్‌తో జతచేసినప్పుడు ఇది తేడా కొడుతుంది.

మానిటర్‌లో ఏ సెట్టింగ్ ఎంత పెట్టాలి?

పేర్లు కంపెనీని బట్టి కాస్త మారతాయి, సంగతి ఒకటే.

బ్యాటరీ కెపాసిటీ: లేబుల్ మీదున్నది, 100. జాగ్రత్త కోసమని 80 వేసేవాళ్లున్నారు, వద్దు. శాతాలన్నీ అబద్ధమైపోతాయి. జాగ్రత్తకి వేరే సెట్టింగ్ ఉంది.

ఛార్జ్డ్ వోల్టేజీ: అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఛార్జర్ ఎంతదాకా ఎక్కిస్తుందో దానికన్నా కొంచెం తక్కువ. ఛార్జర్ 28.4 దాకా తీసుకెళ్తే ఇక్కడ 28.0.

టెయిల్ కరెంట్: 4 శాతం. అంటే వోల్టేజీ 28.0 పైన ఉండి, లోపలికి పోయే కరెంట్ 4 ఆంపియర్ల కిందికి తగ్గితే నిండినట్టు లెక్క. అప్పుడు మానిటర్ 100 అని మళ్లీ మొదలుపెడుతుంది. దీన్నే సింక్ అంటారు.

డిటెక్షన్ టైమ్: ఆ రెండు షరతులూ ఎంతసేపు నిలబడాలో చెప్పేది. మామూలుగా 3 నిమిషాలుంటుంది. సోలార్‌లో మబ్బు అడ్డొచ్చినా కరెంట్ తగ్గుతుంది, అది నిండటం కాదు. అందుకని సోలార్ ఉన్నచోట దీన్ని పెంచడం మంచిది.

ప్యూకర్ట్ ఎక్స్‌పోనెంట్: 1.05. ఎక్కువ కరెంట్ లాగితే లెడ్ యాసిడ్ ఎంత తక్కువ ఇస్తుందో ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లో కట్టిన లెక్క ఇది. లెడ్ యాసిడ్‌కి 1.25 పెడతారు. లిథియంలో ఆ జబ్బు దాదాపు లేదు.

ఛార్జ్ ఎఫిషియెన్సీ: 99 శాతం.

డిశ్చార్జ్ ఫ్లోర్: 20 శాతం. ఇందాక చెప్పిన జాగ్రత్త ఇదే. ఇంకా ఎన్ని గంటలు వస్తుందో మానిటర్ చెప్పేది సున్నా దాకా కాదు, ఈ గీత దాకా.

జీరో కాలిబ్రేషన్: దీని జోలికి పోకండి. షంట్‌కి లోడ్ వైపున్న వైర్లన్నీ ఊడదీసి, ఒక్క మిల్లీ ఆంపియర్ కూడా పారడం లేదని ఖాయమైతే తప్ప నొక్కకూడదు. చిన్న లోడ్ నడుస్తుండగా నొక్కితే ఆ లోడ్‌ని మానిటర్ ఇక ఎప్పటికీ సున్నాగానే చూస్తుంది.

తెల్లారి ఏడింటికే 100 శాతం చూపిస్తోంది. రాత్రంతా ఫ్యాన్లు తిరిగాయి, ఇదెలా?

ఛార్జ్డ్ వోల్టేజీ పాతదే ఉండి ఉంటుంది. లెడ్ యాసిడ్‌ని దృష్టిలో పెట్టుకున్న మానిటర్లు 24 వోల్టులకి దీన్ని 26.4 అని వేసుకుని వస్తాయి. ఎల్ఎఫ్‌పీ 26.4 దగ్గర సగమో, ముప్పాతికో నిండి ఉంటుంది. పొద్దున్నే నీరెండలో ప్యానెళ్లు ఒకటి రెండు ఆంపియర్లు పంపుతాయి. వోల్టేజీ 26.4 పైన ఉంది, కరెంట్ 4 కన్నా తక్కువుంది. ఇంకేం, నిండిపోయిందని మానిటర్ ప్రకటించేస్తుంది. ఆ 100ని నమ్ముకుని ఆ రోజు వాడుకుంటే రాత్రికి 50 చూపిస్తుండగా బీఎంఎస్ తెంపేస్తుంది. 28.0కి మార్చండి, ఒకసారి నిజంగా నిండనివ్వండి, సర్దుకుంటుంది.

నాది దీనికి తిరగేసి. నెలలైనా 100కి రావడం లేదు.

రెండు కారణాలుంటాయి. ఛార్జర్ 27.6 దగ్గరే ఆగిపోతోంది, మానిటర్ 28.0 కోసం ఎదురుచూస్తోంది. లేదా ప్యానెళ్లు మీ వాడకానికి చాలడం లేదు, బ్యాటరీ నిజంగానే నిండటం లేదు. మొదటిదైతే సెట్టింగ్ మార్చాలి. రెండోదైతే రెండు వారాలకోసారైనా కరెంటు మీద పూర్తిగా నింపండి. సెల్స్‌ని సమానం చేసే పని కూడా చాలా బీఎంఎస్‌లు బ్యాటరీ దాదాపు నిండాకే చేస్తాయి. నిండని బ్యాటరీలో సెల్స్ ఒకదానికొకటి దూరమవుతూ పోతాయి. అప్పుడు కిందివైపు కటాఫ్ కూడా ముందే వస్తుంది.

మానిటర్ 15 శాతం దగ్గర ఆగిపోయింది. వారం తర్వాత చూస్తే అప్పటికీ 15, బ్యాటరీ మాత్రం చచ్చిపోయి ఉంది. మానిటర్ పాడైందా?

పాడవలేదు. కరెంట్ థ్రెషోల్డ్ అనే సెట్టింగ్ ఒకటుంది, మామూలుగా 0.1 ఆంపియర్. అంతకన్నా తక్కువ కరెంట్‌ని మానిటర్ సున్నా కింద కొట్టేస్తుంది. కొలతలో వచ్చే చిల్లర తప్పులు రోజూ పేరుకోకుండా పెట్టిన ఏర్పాటు అది. కానీ మీ ఇంట్లో 80 మిల్లీ ఆంపియర్లు నిజంగానే లీకవుతుంటే? రోజుకి 1.92 ఏహెచ్. మిగిలిన 15 ఏహెచ్ ఎనిమిది రోజుల్లో హరించుకుపోతుంది. అన్ని రోజులూ మానిటర్ 15 అనే చెబుతుంది.

థ్రెషోల్డ్ తగ్గించవచ్చు. అయితే సున్నా సరిగ్గా లేని మానిటర్‌లో తగ్గిస్తే లేని కరెంట్‌ని లెక్కపెడుతుంది. నన్నడిగితే శాతంతో పాటు వోల్టేజీకి కూడా అలారం పెట్టుకోవడం మేలు. లెక్క తప్పినా, చివర్లో కూలిపోయే వోల్టేజీ అబద్ధం చెప్పదు.

మరి ఆ దొంగ లోడ్‌ని పట్టుకునేదెలా?

ఇన్వర్టర్ ముందు బటన్ ఆఫ్ చేస్తే పూర్తిగా ఆగినట్టు కాదు, లోపలి బోర్డు మేలుకునే ఉంటుంది. సోలార్ కంట్రోలర్ రాత్రిపూట బ్యాటరీ మీదే నడుస్తుంది. యూఎస్‌బీ సాకెట్లు, గ్యాస్ అలారం, మానిటర్ డిస్‌ప్లే వెలుగు, ఇవన్నీ తలా కాస్త.

బ్యాటరీ మెయిన్ స్విచ్ దగ్గర మల్టీమీటర్‌తో తేలిగ్గా కొలవచ్చు. స్విచ్ ఆన్‌లోనే ఉంచండి. పెద్ద లోడ్‌లన్నీ, ఇన్వర్టర్‌తో సహా, ఆఫ్ చేయండి. ప్యానెళ్ల స్విచ్ కూడా దించేయండి, లేకపోతే వచ్చే కరెంట్ కలిసిపోతుంది. మీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, రెండు వైర్లనీ స్విచ్‌కి అటొకటి ఇటొకటి ఆనించి పట్టుకోండి. ఇప్పుడు స్విచ్ ఆఫ్ చేయండి. కరెంట్ మీటర్ గుండా పారుతుంది. వరస మార్చకూడదు. ముందే స్విచ్ ఆఫ్ చేసి తర్వాత మీటర్ పెడితే ఇన్వర్టర్ కెపాసిటర్లు ఒక్కసారిగా లాగి మీటర్ ఫ్యూజ్ కొట్టేస్తాయి. అంకె స్థిరపడ్డాక ఒక్కో ఫ్యూజ్ తీస్తూ పోతే ఎక్కడ తగ్గిందో అక్కడే దొంగ. 48 వోల్టుల సిస్టమ్ అయితే ఈ పని తెలిసినవాళ్లతో చేయించండి.

బీఎంఎస్ యాప్‌లో 62, షంట్ మానిటర్‌లో 48. ఏది నమ్మాలి?

సరిగ్గా బిగించి, ఈ మధ్యే సింక్ అయిన షంట్‌ని. బీఎంఎస్ పని రక్షణ, కొలత దానికి పక్క పని. కొన్ని చవక బీఎంఎస్‌లు అర ఆంపియర్ లోపు కరెంట్‌ని చూడనే చూడవు, రౌటర్ రాత్రంతా తాగినా వాటికి తెలియదు. అలాగని యాప్ తీసేయకండి. ఒక్కో సెల్ వోల్టేజీ చూపించేది అదొక్కటే, షంట్‌కి మొత్తం వోల్టేజీ తప్ప తెలియదు. బ్యాటరీ 15 శాతంలో ఉన్నప్పుడు ఒకసారి సెల్స్ చూడండి. ఏడు సెల్స్ 3.15 దగ్గరుండి ఒకటే 2.95 చూపిస్తుంటే ముందు దాని సంగతి చూడాలి.

అలారం, రిలే ఎలా అమర్చుకోవాలి?

30 శాతానికి ఫోన్‌కి కబురు, 20కి కూత, 15కి రిలే (మానిటర్ తనంతట నొక్కే స్విచ్). రిలే నుంచి రెండు సన్నటి వైర్లు ఇన్వర్టర్ రిమోట్ ఆన్-ఆఫ్‌కి ఇస్తే ఇన్వర్టర్ తనంతట తాను ఆగుతుంది. మెట్లు మెట్లుగా ఉండాలి: ముందు మనిషికి తెలియాలి, తర్వాత మానిటర్ ఆపాలి, అదీ కాకపోతే ఇన్వర్టర్ వోల్టేజీ కటాఫ్, ఆఖర్న బీఎంఎస్.

కబురు పంపే వైఫై రౌటర్ కూడా ఆ బ్యాటరీ మీదే ఉంటే, 10 శాతానికి పెట్టిన అలారం మీదాకా రాకముందే రౌటర్ ఆగిపోవచ్చు. మనిషి లేని ఇంట్లో మొదటి కబురు 40 దగ్గరే రావాలి. అక్కడ వాచ్‌మన్ ఉంటే ఆయన ఫోన్‌లో కూడా యాప్ వేసి పెట్టండి. ఇన్ని ఎలక్ట్రానిక్స్ కన్నా ఆయన వెళ్లి ఒక స్విచ్ దించడం నయం.

బ్యాటరీ ప్రొటెక్ట్ (వోల్టేజీ తగ్గగానే లోడ్‌ని తెంపే పరికరం) పెట్టి దాని వెనక ఇన్వర్టర్ తగిలించవచ్చా?

వద్దు. విక్ట్రాన్ బ్యాటరీప్రొటెక్ట్ లాంటివి లైట్లు, డీసీ ఫ్యాన్లు, కెమెరాల కోసం. ఇన్వర్టర్ కెపాసిటర్లు మొదట లాగే కరెంట్‌ని అవి షార్ట్ సర్క్యూట్ అనుకుని తెంపేస్తాయి. ఇన్వర్టర్‌ని రిమోట్ వైరుతో ఆపాలి. ప్రొటెక్ట్‌లో కరెంట్ ఒకవైపే పారాలి, దాని గుండా ఛార్జింగ్ పంపకూడదు.

బ్యాటరీ పడుకుంది. మీటర్ పెడితే సున్నా చూపిస్తోంది. పోయినట్టేనా?

కంగారు పడకండి. బీఎంఎస్ తెంపినప్పుడు బయటి టెర్మినల్స్ మీద సున్నానో, ఏదో తిక్క అంకెనో వస్తుంది. లోపల సెల్స్ బాగానే ఉండొచ్చు. సమస్యేమిటంటే చాలా ఇన్వర్టర్లు, సోలార్ కంట్రోలర్లు బ్యాటరీ వోల్టేజీ కనపడితే తప్ప ఛార్జింగ్ మొదలుపెట్టవు. లోడ్‌లన్నీ తీసేసి, లిథియం వేకప్ సదుపాయం ఉన్న ఛార్జర్ గానీ, 28 వోల్టులకి సెట్ చేసిన బెంచ్ పవర్ సప్లై గానీ తగిలించండి. కరెంట్ 5 ఆంపియర్లు దాటనివ్వకండి, కెపాసిటీలో ఇరవయ్యో వంతు. యాప్ లేచాక సెల్స్ చూడండి. అన్నీ 3 వోల్టులు దాటాక మామూలు ఛార్జింగ్.

ఏదైనా సెల్ 2 వోల్టుల లోపు చాలా రోజులుండి ఉంటే, డబ్బా ఉబ్బితే, ఛార్జింగ్‌లో ఒక పక్కే వేడెక్కుతుంటే అక్కడితో ఆపేసి కంపెనీకి అప్పగించండి. బీఎంఎస్‌ని పక్కన పెట్టి సెల్స్‌కి నేరుగా ఛార్జ్ ఇచ్చే వీడియోలు చూసి చేయకండి.

ప్యారలల్‌లో రెండున్నాయి, ఒకటే ఆగిపోయింది?

ఆగినదాన్ని అలాగే కలపకండి. విడిగా ఛార్జ్ చేసి, రెండూ నిండాకే కలపండి. నిండినది ఖాళీదాంట్లోకి ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, ఆ కరెంట్‌కి వైర్లే ఫ్యూజులవుతాయి.

రెండు నెలలు ఊరెళ్తున్నాం. ఎలా వదిలి వెళ్లాలి?

50, 60 శాతం దగ్గర ఉంచి మెయిన్ స్విచ్ దించేయండి. నింపి పెట్టి వెళ్లడం మన అలవాటు, లిథియంకి అది మంచిది కాదు, అందులోనూ మే నెలలో రేకుల గదిలో. మానిటర్ సన్నటి వైరు స్విచ్‌కి ఇవతల, నేరుగా బ్యాటరీ మీద ఉంటుంది. స్మార్ట్‌షంట్ లాంటి మానిటర్లు తాగేది 1 మిల్లీ ఆంపియర్ లోపే, రెండు నెలలకి ఒకటిన్నర ఏహెచ్ కూడా దాటదు, పర్లేదు. కెమెరాలు నడవాల్సిందే అంటే మాత్రం వాటికి చిన్న బ్యాటరీ, చిన్న ప్యానెల్ విడిగా పెట్టండి. రెండు కెమెరాల కోసం 3 కేవీఏ ఇన్వర్టర్‌ని రాత్రింబవళ్లు మేల్కొలిపి ఉంచడం దండగ.

ఎలక్ట్రిక్ స్కూటర్‌కీ ఇవే అంకెలా?

కాదు. చాలా స్కూటర్లలో ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం లిథియం ఉంటుంది: నిండితే సెల్‌కి 4.2, కింద 3.0. సెట్టింగులు మన చేతిలో ఉండవు. సున్నా దగ్గర వారాల తరబడి వదిలేయకపోతే చాలు.

అమెరికాలో మా అబ్బాయి ఆర్‌వీలో (ఇల్లులా ఉండే బండి) ఇలాంటిదే పెట్టుకున్నాడు. అక్కడ ఇంకేమైనా చూసుకోవాలా?

చలి. సున్నా డిగ్రీల కింద ఎల్ఎఫ్‌పీకి ఛార్జ్ పెట్టకూడదు, గ్రాఫైట్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది. వాడుకోవడం పర్లేదు. చలికాలంలో పార్క్ చేసిన బండిలో బ్యాటరీ మెల్లగా దిగుతుంటుంది, ఎండ వచ్చినా బీఎంఎస్ ఛార్జింగ్ ఒప్పుకోదు. హీటర్ ఉన్న బ్యాటరీ అయితే ఆ హీటర్ కూడా బ్యాటరీనే తాగుతుంది. చలి మొదలవకముందే సగం ఛార్జ్‌తో స్విచ్ దించేయమనండి.

వారంటీకి వెళ్తే డీప్ డిశ్చార్జ్ చేశారు, ఇవ్వం అంటారేమో?

అనొచ్చు. చాలా వారంటీ షరతుల్లో ఆ మాట ఉంటుంది. మానిటర్‌లో హిస్టరీ పేజీ చూడండి: అతి తక్కువ వోల్టేజీ ఎంత, అన్నిటికన్నా లోతుగా ఎంత దిగింది, ఎన్నిసార్లు సింక్ అయింది, అన్నీ ఉంటాయి. నెలకోసారి దాని స్క్రీన్‌షాట్, బీఎంఎస్ యాప్‌లో సెల్ వోల్టేజీల స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇన్వర్టర్ కటాఫ్ సెట్టింగ్ పేజీ ఫొటో కూడా. క్లెయిమ్‌కి వెళ్లేముందు మానిటర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చేయకండి, హిస్టరీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.